గండిలో బంగారు తోరణం చూసిన మన్రో దొర: జనం సుఖంగా ఉంటే చాలా?

వేంపల్లె వాళ్లకు గండి గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. కర్ణాటకలోని నంది కొండల వైపు పుట్టిన పాపఘ్ని ఏరు ఇక్కడికొచ్చేసరికి కొండను చీల్చుకుని బయటపడుతుంది. ఆ తర్వాత వేంపల్లె మీదుగా పోయి కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఆ గండిలోనే వీరాంజనేయస్వామి గుడి ఉంది. శ్రావణమాసం శనివారాల్లో అక్కడ జనం ఎట్లుంటారో జిల్లా అంతా తెలుసు.

ఆ గండికి ఒక కథ ఉంది. శ్రీరాముడు ఈ దారిన వస్తున్నాడని తెలిసి, వాయుదేవుడు స్వాగతంగా రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడట. ఆ తోరణం ఇప్పటికీ అక్కడే ఉందంటారు. మామూలు కళ్లకు అది కనపడదు. మనసు శుభ్రంగా ఉన్న పుణ్యాత్ములకు మాత్రం, అది కూడా చావు దగ్గర పడ్డప్పుడు కనిపిస్తుందని పెద్దలు చెబుతారు. అట్లా చూసినవాళ్లలో ఒక తెల్లదొర పేరు కూడా ఉంది. ఆయనే సర్ థామస్ మన్రో. మొదట మన ప్రాంతానికి కలెక్టర్, తర్వాత మద్రాసు గవర్నర్. గండి దాటుతూ పైకి చూసి, ఆ బంగారు తోరణం ఎవరు కట్టారని పక్కవాళ్లను అడిగాడట. వాళ్లకేమీ కనపడలేదు. సంగతి విన్న పెద్దవాళ్లకు మాత్రం దొర ఇక ఎక్కువ రోజులు బతకడని అర్థమైందట. 1827 జూలై 6న పత్తికొండలో మన్రో కలరాతో చనిపోయాడు.

కథ జరిగిందా లేదా అన్నది పక్కన పెడదాం. పన్ను వసూలు చేసే పరాయి దొరను జనం పుణ్యాత్ముల లెక్కలో ఎందుకు వేసుకున్నారన్నది ఆలోచించాల్సిన విషయం. ఆయన కాలంలో రైతులు కాస్త సుఖపడ్డారు కాబట్టి అని చాలామంది చెప్పే జవాబు. సరే, జనం సుఖపడితే ఆ పాలన మంచిదైపోతుందా? సుఖం దానంతటదే ఒక మంచి అనుకోవచ్చా, లేక అది వచ్చిన దారిని బట్టి, ఇచ్చిన చేతిని బట్టి దాని విలువ మారుతుందా? మన్రో బతికిన కాలంలో ఐరోపాలో పెద్ద పెద్ద తత్వవేత్తలు దీని మీదే వాదించుకున్నారు. మన్రో తత్వవేత్త కాదు. అయినా ఆయన చేసిన పనిని, ఆఖరి రోజుల్లో ఆయన రాసిపెట్టిన మాటలను చూస్తే ఈ ప్రశ్నకు మన జిల్లా మట్టిలో నుంచే ఒక జవాబు దొరుకుతుంది.

లెక్కల గుమాస్తా సిపాయి అయ్యాడు

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో వ్యాపారి. అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారం చేసేవాడు. చిన్నప్పుడు వచ్చిన జబ్బుతో థామస్‌కు వినికిడి కొంచెం తగ్గింది. ఆ ఇబ్బంది జన్మంతా ఉండిపోయింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివి, ఒక వ్యాపార సంస్థలో లెక్కలు రాసే గుమాస్తాగా చేరాడు. అంతలో అమెరికా వాళ్లు ఇంగ్లండ్ మీద తిరగబడ్డారు. యుద్ధం వల్ల పొగాకు వ్యాపారం కూలిపోయింది, దాంతో తండ్రి దివాలా తీశాడు. ఇంటిని నిలబెట్టడానికి కొడుకు ఈస్ట్ ఇండియా కంపెనీ సైన్యంలో చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగాడు.

అదే ఏడాది హైదర్ అలీ సైన్యం కర్ణాటక మీదికి వచ్చింది. మన్రో ఆ యుద్ధంలో మామూలు చిన్న అధికారి. చేతికొచ్చే జీతం తక్కువే అయినా తర్వాతి కాలంలో ఇంటికి డబ్బు పంపుతూనే ఉన్నాడు. తీరిక దొరికినప్పుడల్లా ఫారసీ, హిందుస్తానీ నేర్చుకున్నాడు. ఒక ఫారసీ కథను ఇంగ్లీషులోకి కూడా తెచ్చాడు. అప్పు తీర్చకపోతే ఒంటి మీది మాంసం కోసివ్వాలన్న షరతు గురించిన కథ అది. షేక్స్‌పియర్ నాటకంలో ఉన్న సంగతికి దగ్గరగా ఉండటంతో పండితులు దాన్ని ఆసక్తిగా చదివారు. రాజుల దగ్గర, కచేరీల్లో నడిచే భాష నేర్చుకోవడం మన్రోకు తర్వాత చాలా పనికొచ్చింది. దుబాసీల మీద ఆధారపడకుండా రైతుతో, కరణంతో నేరుగా మాట్లాడగలిగాడు.

1792లో టిప్పు సుల్తాన్‌తో జరిగిన సంధి వల్ల బారామహల్, అంటే ఇప్పటి ధర్మపురి, కృష్ణగిరి వైపు సీమ కంపెనీ చేతికొచ్చింది. అక్కడ అలెగ్జాండర్ రీడ్ అనే అధికారి కింద మన్రో ఏడేళ్లు రెవెన్యూ పని చేశాడు. ఆయనకు బాగా ఇష్టమైన చోటు అది. తోట వేసుకున్నాడు, మనుషులు అలవాటయ్యారు. 1799లో టిప్పు చనిపోయాక ఆయన్ను పడమటి తీరంలోని కెనరాకు పంపారు. ఆ వానలు, ఆ పని రెండూ ఆయనకు నచ్చలేదు. అయినా పని పూర్తి చేసే కదిలాడు. ఆ తర్వాత మన వైపు వచ్చాడు.

పాళెగాళ్లు, గొలుసులు, పట్టాలు

అప్పటికి కడప పరిస్థితి ఏమిటో చూడాలి. మయానా నవాబుల చేతి నుంచి హైదర్ అలీకి, ఆయన తర్వాత టిప్పుకు, 1792 సంధితో నిజాంకు పోయింది ఈ సీమ. 1800లో నిజాం దీన్ని కంపెనీకి వదిలేశాడు. కంపెనీ సైన్యం ఖర్చు కింద కట్టాల్సిన డబ్బుకు బదులు భూమినే ఇచ్చేశాడు. అందుకే వీటికి దత్త మండలాలు అని పేరొచ్చింది. కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలులో కొంత భాగం ఇందులో ఉన్నాయి. ఇరవై ఏళ్లలో ఇన్ని చేతులు మారిన ఊళ్లో రైతు ఎవరికి పన్ను కట్టాలి, ఎంత కట్టాలి అన్నది ఎవరికీ తెలియని స్థితి.

దానికి తోడు పాళెగాళ్లు. మన్రో వచ్చేసరికి దత్త మండలాల్లో ఎనభై మంది దాకా పాళెగాళ్లు, వాళ్ల చేతి కింద దాదాపు ముప్పై వేల మంది ఆయుధాలు పట్టినవాళ్లు ఉన్నారని లెక్క. కోట ఉన్నవాడు ఊరిని దోచుకునేవాడు. ఒక్కోసారి ఊరిని కాపాడేవాడూ వాడే. మన్రో ఇద్దరికీ తేడా చూడలేదు. సైన్యాన్ని పెట్టి కోటలు ఖాళీ చేయించాడు. లొంగినవాళ్లకు భత్యం ఇచ్చి, లొంగనివాళ్లను తరిమేశాడు. ఈ పద్ధతి లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లకే అతిగా అనిపించి, వాళ్లు ఆయన్ను తప్పుపట్టారు.

తర్వాత అసలు పని మొదలైంది. ఊరూరా గొలుసులతో పొలాలు కొలిచారు. ప్రతి చేనుకూ నంబరు, విస్తీర్ణం, రకం, శిస్తు రాశారు. జమీందారు, గుత్తదారు లాంటి మధ్యవాళ్లు లేకుండా సర్కారు నేరుగా రైతుకే పట్టా ఇచ్చి, నేరుగా రైతు దగ్గరే శిస్తు తీసుకునే పద్ధతి ఇది. దీన్నే రైత్వారీ అన్నారు. ఉర్దూ తెలిసినవాళ్లకు ఆ మాట కొత్త కాదు. మన రైతు అన్న మాట అరబీలోని రఅయ్యత్ నుంచి వచ్చింది. కాపరి కింద ఉండే మంద అని దాని మొదటి అర్థం, ఆ తర్వాత పాలకుడి కింద ఉండే ప్రజ అన్న అర్థం వచ్చింది. అంటే మాటలోనే ఒక ప్రశ్న ఉంది. మంద సుఖంగా మేస్తే కాపరి పని అయిపోయినట్టేనా?

మన్రో గుడారాల్లో ఉంటూ తాలూకాల వెంట తిరిగాడు. జమాబందీ జరిగే చోట రైతులు వచ్చి నేరుగా మొరపెట్టుకునేవాళ్లు. తర్వాతి కాలంలో ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఆయన మీద జనానికి ఎంత అభిమానం ఉండేదో తెలుస్తుంది.

అయితే ఖాతాలో రెండో పక్క కూడా చూడాలి. బీకాం మొదటి సంవత్సరంలో చెప్పే పాఠమే ఇది, ప్రతి జమకూ ఎదురుగా ఒక ఖర్చు ఉంటుంది. ఆయన ఉన్న ఏడేళ్లలో దత్త మండలాల రెవెన్యూ సుమారు 10 లక్షల వరహాల నుంచి 15 లక్షల వరహాల దాకా పెరిగింది. శాంతి వచ్చి సాగు పెరిగింది కాబట్టి శిస్తూ పెరిగిందన్నది నిజమే. కానీ ఆ శిస్తు పండిన పంటలో సుమారు 45 శాతం ఉండేది. రైతు చెమటలో దాదాపు సగం కంపెనీదే. ఇది ఎవరో ప్రత్యర్థులు వేసిన నింద అనుకోవద్దు, మన్రోకే తెలిసిన లెక్క.

సుఖాన్ని తూకం వేసిన లండన్

మన్రో ఇక్కడ చేన్లు కొలుస్తున్న రోజుల్లో లండన్‌లో జెరెమీ బెంథామ్ సుఖాన్ని కొలిచే పద్ధతి చెబుతున్నాడు. 1789లో అచ్చయిన ఆయన పుస్తకం ప్రకారం దానంతటదే మంచి అనదగ్గది సుఖం ఒక్కటే, దానంతటదే చెడు అనదగ్గది బాధ ఒక్కటే. చట్టం మంచిదా చెడ్డదా అన్నది ఎంతమందికి ఎంత సుఖం ఇచ్చిందన్న దాన్ని బట్టే తేలాలి. రాజుకు, కూలివాడికి తేడా లేదు. ప్రతి మనిషి సుఖమూ ఒకే తూకం. ఆ కాలానికి ఇది చాలా పెద్ద మాట.

జర్మనీలో ఇమ్మాన్యుయేల్ కాంట్ దీనికి ఒప్పుకోలేదు. 1785లో వచ్చిన ఆయన పుస్తకం ప్రకారం ఏ షరతూ లేకుండా మంచిదనదగ్గది మంచి సంకల్పం ఒక్కటే. దొంగ కూడా సుఖంగా ఉండొచ్చు, ఆ సుఖాన్ని చూసి ఎవరూ మెచ్చుకోరు. సుఖానికి అర్హత ఉందా లేదా అన్నది ముందు తేలాలి.

ఈ చర్చ మనకు దూరం అనుకోవద్దు. బెంథామ్ శిష్యుడు జేమ్స్ మిల్ 1819 నుంచి లండన్‌లోని కంపెనీ ఆఫీసులో ఉద్యోగి. ఆయన కొడుకు జాన్ స్టూవర్ట్ మిల్ 1823లో అదే ఆఫీసులో చేరి 1858 దాకా పనిచేశాడు. ఆ తర్వాతే సుఖాల్లో కూడా పైస్థాయివి, కింది స్థాయివి ఉన్నాయని, కడుపు నిండటం ఒక్కటే సరిపోదని పుస్తకం రాశాడు. హిందుస్తాన్ నుంచి పోయే కాగితాలు చదివి జవాబులు రాయడం ఆ తండ్రీ కొడుకుల ఉద్యోగం. ప్రపంచానికి సుఖం గురించి పాఠం చెప్పినవాళ్ల అన్నం మన రైతులు కట్టే శిస్తుల కంపెనీ పెట్టిందే.

ఒక కలం పోటు

1807లో మన్రో సెలవు మీద స్వదేశం పోయాడు. పోయేముందు ఒక నివేదిక పెట్టాడు. భూములన్నిటి మీదా శిస్తు 25 శాతం తగ్గించాలని, బావుల కింద, ఏటి నీళ్లు తోడి పారించే భూములకు మొత్తం 33 శాతం తగ్గించాలని అందులో కోరాడు. 45లో పావు వంతు తీస్తే దాదాపు 34 వస్తుంది. అంటే పంటలో మూడో వంతు సర్కారుకు, రెండు వంతులు రైతుకు. అప్పుడే భూమికి విలువ వస్తుందని, రైతు దాన్ని తన ఆస్తి అనుకుంటాడని ఆయన వాదన.

పైవాళ్లు ఒప్పుకోలేదు. తగ్గింపు ఇవ్వకపోగా రైత్వారీనే ఎత్తేసి ఊళ్లను గుత్తకిచ్చారు. మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు. మన్రో లేడు, పట్టా ఉన్నా లేనట్టే. గుత్తదారులు పిండుకున్నారు, చాలామంది గుత్తదారులు కూడా దివాలా తీశారు. ఏడేళ్ల పాటు జనం అనుభవించిన కాస్త ఊరట ఒక ఉత్తర్వుతో పోయింది.

ఆ ఏడేళ్ల సుఖానికి విలువ లేదందామా? అట్లా అనడం అన్యాయం. ఆ ఏళ్లలో దోపిడీ భయం లేకుండా నిద్రపోయిన తల్లి నిద్ర నిజమైనది. పండిన గింజలు ఇంటికి తెచ్చుకున్న రైతు కడుపు నిజంగానే నిండింది. ఇచ్చింది పరాయివాడు కాబట్టి ఆ ముద్ద రుచి తగ్గదు. బెంథామ్ మాటలో ఉన్న నిజం అదే. సుఖానికి కారణం అడగాల్సిన పనిలేదు, బాధపడేవాడి బాధ తగ్గితే అది మంచే. పెద్ద పెద్ద ఆశయాల పేరు చెప్పి జనం కడుపు మాడ్చేవాళ్లకు ఈ మాట గుర్తుచేయాల్సిందే.

కానీ ఆ సుఖం జనం చేతిలో లేదు. దొర మంచివాడైతే ఉంటుంది, దొర మారితే పోతుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి గానీ, పోయినప్పుడు గట్టిగా అడగడానికి గానీ రైతుకు ఏ దారీ లేదు. తీసేసుకునే హక్కు ఇంకొకరి దగ్గర ఉన్నన్నాళ్లు ఆ సుఖం వాళ్ల దయే అవుతుంది.

ఇంగ్లండ్‌లో ఉన్న ఆ ఏళ్లలో మన్రో 1813లో పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యం చెప్పాడు. హిందుస్తానీలకు నాగరికత నేర్పాలన్న మాట వచ్చినప్పుడు, రెండు దేశాల మధ్య నాగరికతే వ్యాపార సరుకైతే దాన్ని దిగుమతి చేసుకుని లాభపడేది ఇంగ్లండేనని చెప్పాడు. 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్లి చేసుకుని, న్యాయ వ్యవస్థను సరిచేసే కమిషన్‌కు పెద్దగా మద్రాసు తిరిగొచ్చాడు. 1816లో వచ్చిన కొత్త చట్టాలతో ఊరి మునసబుకు చిన్న తగాదాలు తీర్చే అధికారం దొరికింది, పంచాయతీకి చట్టంలో చోటొచ్చింది. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. రైత్వారీ తిరిగొచ్చింది. 1807లో అడిగిన శిస్తు తగ్గింపు దత్త మండలాల్లో అప్పటికి గానీ అమల్లోకి రాలేదు.

1824 డిసెంబర్ 31

గవర్నర్‌గా నాలుగేళ్లు గడిచాక, 1824 ఆఖరి రోజున మన్రో ఒక పెద్ద అధికార పత్రం రాశాడు. దేశం పరిస్థితి, జనం స్థితి గురించి. అందులో భూమి శిస్తు లెక్కలు చాలానే ఉన్నాయి. చివరికొచ్చేసరికి ఆయన వేరే ప్రశ్న వేసుకున్నాడు. మన ఏర్పాట్లన్నిటి వల్ల చివరికి ఈ జనం స్వభావం పైకి లేస్తుందా, కిందికి దిగుతుందా అని.

ఆయన చెప్పిన సంగతి సారాంశం ఇది. దొంగల భయం లేదు, యుద్ధాలు లేవు, న్యాయం కాస్త దొరుకుతోంది, శిస్తు తగ్గింది. పాత రాజుల కాలంలో ఇంత నెమ్మది లేదు. కానీ పాత రాజుల కాలంలో, అది హిందూ రాజ్యమైనా ముసల్మాన్ రాజ్యమైనా, ఇక్కడివాడు మంత్రి కావచ్చు, సేనాపతి కావచ్చు, సుబేదారు కావచ్చు. కంపెనీ పాలనలో ఎంత తెలివిగలవాడైనా చిన్న ఉద్యోగం దాటి పోలేడు. నమ్మకం ఉంచనివాళ్ల దగ్గర నిజాయితీ ఎట్లా పెరుగుతుంది? తన దేశం నడిచే తీరులో ఏ పాత్రా లేనివాడికి పౌరుషం ఎట్లా నిలుస్తుంది? రేపు బ్రిటన్‌నే పరాయివాళ్లు గెలిచి, పెద్ద ఉద్యోగాలు, గౌరవాలు అన్నీ తామే ఉంచుకుంటే, ఎంత చదువున్నా, ఎంత మంచి మతగ్రంథాలున్నా రెండు తరాల్లో బ్రిటిష్‌వాళ్లు కూడా దిగజారిపోతారని ఆయన తన వాళ్లకే చెప్పాడు. ఒక జాతి మొత్తాన్ని అట్లా దిగజార్చడం కంటే మనం ఈ దేశం నుంచి వెళ్లిపోవడమే మేలు అన్నంత దాకా పోయాడు.

గమనించండి, ఆయన సుఖాన్ని తీసిపారేయలేదు. సుఖం పెంచడానికే పాతికేళ్లు పనిచేసిన మనిషి. అయినా నెమ్మదిగా బతకడం ఒక్కటే మనిషికి చాలదని ఒప్పుకున్నాడు. మంద సుఖంగా మేయడం వేరు, మనిషి సుఖంగా బతకడం వేరు. మనిషి సుఖంలో తన మాటకు విలువ ఉండటం, తన చేతిలో బాధ్యత ఉండటం కూడా ఒక భాగం. అది లేని సుఖం అబద్ధమని చెప్పలేం. సగం మాత్రమే.

చదువు విషయంలో కూడా ఆయన ఆలోచన ఇదే దారిలో పోయింది. 1822లో జిల్లాల్లో ఉన్న బడుల లెక్క తీయమన్నాడు. మద్రాసు రాష్ట్రమంతటా 12,498 బడులున్నాయని, జనాభా 1,28,50,941 అని తేలింది. అంటే సుమారు వెయ్యి మందికి ఒక బడి. 1826లో ప్రతి కలెక్టరేటుకూ రెండు పెద్ద బడులు, ఒకటి హిందువుల కోసం, ఒకటి ముస్లింల కోసం పెట్టాలని, తాలూకాల్లో తహశీల్దారీ బడులు తెరవాలని ప్రతిపాదించాడు.

తోరణం కింద నిలబడినవాళ్లు

ఇంతా చెప్పి మన్రోను మహాత్ముడిని చేస్తే అది విలేకరి పని కాదు. జనానికి బాధ్యత ఇవ్వాలన్న అదే మన్రో, 1822లో పత్రికలకు స్వేచ్ఛ ఇవ్వకూడదని గట్టిగా రాశాడు. పరాయి పాలన, స్వేచ్ఛగా రాసే పత్రిక ఒకే చోట ఉండలేవన్నది ఆయన వాదం. లెక్క ప్రకారం అది నిజమే. జనం నోరు తెరిస్తే పరాయి పాలన నిలవదు. అయితే జనం నోరు మూస్తే వాళ్లు సుఖంగా ఉన్నారో లేదో ఎవరు చెబుతారు? అధికారులే చెప్పాలి. పాలించేవాడి కంటికి తోరణం కనిపిస్తుంది, పక్కనున్నవాళ్లకు ఉత్త ఆకాశం కనిపిస్తుంది. గండి కథలో నాకు ఎప్పుడూ తట్టేది ఈ సంగతే.

ఆ సుఖం లెక్కలోకి రానివాళ్లూ ఉన్నారు. కోటలు పోయి భత్యం మీద బతకాల్సి వచ్చిన పాళెగాళ్ల కుటుంబాలు, వాళ్ల మీద ఆధారపడ్డ వేల మంది బంట్లు, కావలివాళ్లు. మన్రో పోయిన 19 ఏళ్లకు, 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. అప్పట్లో కోయిలకుంట్ల కడప జిల్లాలోనే ఉండేది. నెలకు పదకొండు రూపాయల చిల్లర భత్యం, దాని కోసం కచేరీ గుమ్మం దగ్గర పడిన అవమానం ఆ తిరుగుబాటు వెనక ఉన్నాయి. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఒకే సీమ, ఒకే ఏర్పాటు. ఒక ఇంట్లో పిల్లాడికి మన్రోలప్ప అని పేరు పెట్టారు, ఇంకో ఇంట్లో కత్తి పట్టారు. ఎక్కువమంది సుఖం అన్న తూకం వేస్తే రెండో ఇల్లు తక్కెడలో కనపడదు.

ఆఖరి పర్యటన

మన్రో తన సుఖం విషయంలో ఏం చేశాడో కూడా చెప్పుకోవాలి. 1824లోనే ఆయన ఇంటికి పోతానన్నాడు. అంతలో బర్మా యుద్ధం వచ్చింది, ఆగాల్సి వచ్చింది. 1826లో చిన్న కొడుకు ఆరోగ్యం బాగాలేక భార్య వాడిని తీసుకుని ఇంగ్లండ్ పోయింది. మన్రో ఒంటరిగా మిగిలాడు. తన తర్వాత రావాల్సిన గవర్నర్ రావడం ఆలస్యమైంది. అయినా వదిలేసి పోలేదు.

1827 మే చివర్లో దత్త మండలాలను చివరిసారి చూసి రావాలని బయల్దేరాడు. కలెక్టర్‌గా తిరిగిన ఊళ్లు, తెలిసిన మనుషులు. ఎండాకాలం దాటుతున్న రోజులు, దారిలో కలరా. గుత్తి దగ్గరే వెంట ఉన్నవాళ్లలో కొందరికి సోకింది. జూలై 6 ఉదయం పత్తికొండలో మన్రోకు తగులుకుంది. ఆ రాత్రికే చనిపోయాడు. వయసు 66. గుత్తి కొండ కింద పూడ్చిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన పేరున తోపు పెంచారు, మెట్ల బావి తవ్వారు. మద్రాసులో ఫ్రాన్సిస్ చాంట్రీ చెక్కిన గుర్రం మీది విగ్రహం 1839లో నిలబెట్టారు. అది ఇప్పటికీ చెన్నైలో ఉంది.

విగ్రహం కంపెనీవాళ్లు, ఊరి పెద్దలు చందాలేసుకుని పెట్టుకున్నది. గండి కథ మాత్రం మన జనం ఇచ్చింది. ఆయన భార్యాబిడ్డల దగ్గరికి పోయే సుఖం అందుకోలేదని తెలిసిన జనం, పోయేముందు కనీసం ఆ తోరణమైనా కనపడిందని చెప్పుకున్నారేమో. మంచిగా బతికినవాడికి సుఖం దక్కాలన్న ఆశ అందులో ఉంది.

మనకు సంబంధించిన లెక్క

రెండు వందల ఏళ్ల కిందటి సంగతి ఇప్పుడెందుకంటే, మన్రో వేసుకున్న ప్రశ్న ఇంకా తీరలేదు. పింఛన్ వస్తోంది, బియ్యం వస్తున్నాయి, ఇల్లు వచ్చింది, ఇంకేం కావాలి అన్న మాట మన వీధుల్లో ఏ పార్టీ రాజ్యంలోనైనా వినిపిస్తుంది. అవి వద్దనేవాడు ఎవడూ లేడు. వేంపల్లెలో ముసలమ్మ చేతికి ఒకటో తారీఖున వచ్చే డబ్బు విలువ లెక్కల పుస్తకం చెప్పలేదు. ఆ సుఖం నిజం, దాన్ని తక్కువ చేయకూడదు.

కానీ 1824 నాటి పత్రం అడిగిన రెండో లెక్క కూడా వేయాలి. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదికలో దేశంలోని ఐఏఎస్‌లలో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లలో 4 శాతం, విదేశాంగ సర్వీసులో 1.8 శాతం మాత్రమే. నివేదిక వచ్చి చాలా ఏళ్లయింది. మన ఊరి పిల్లలు ఇప్పుడు ఇడుపులపాయ క్యాంపస్‌లో చదువుతున్నారు, పోటీ పరీక్షలు రాస్తున్నారు. వాళ్లలో ఎంతమంది నిర్ణయాలు తీసుకునే కుర్చీ దాకా చేరతారన్నది, ఇంట్లో బియ్యం ఉన్నాయా లేవా అన్నంత ముఖ్యమైన ప్రశ్న.

ఎవరైనా జనం సుఖంగా ఉన్నారని చెప్పినప్పుడు ఒప్పుకోవచ్చు. ఒప్పుకుని ఇంకో మూడు అడగాలి. ఆ సుఖం రేపు ఒక ఉత్తర్వుతో పోతుందా? పోతే అడిగే నోరు వాళ్లకుందా? లెక్కలో ఏ ఇల్లు విడిచిపెట్టారు? మన్రో మొదటిదాన్ని 1807 తర్వాత కళ్లారా చూశాడు. రెండోదాన్ని సగం ఒప్పుకుని, పత్రికల దగ్గర ఆగిపోయాడు. మూడోదాన్ని ఉయ్యాలవాడ గుర్తుచేసింది. ఈసారి గండికి పోయినప్పుడు రెండు కొండల మధ్య ఉన్న ఆ సందు వైపు చూడండి. తోరణం కనపడకపోయినా పరవాలేదు, కింద ఏరు వెంబడి ఉన్న చేన్లకు ఇప్పుడు పట్టాలు ఎవరి పేరున ఉన్నాయో అడిగి తెలుసుకోండి.